కడుపు ఉబ్బరానికీ పాత రొమ్ము క్యాన్సర్‌కూ సంబంధం ఉంటుందా?

ప్రశ్న: మా అమ్మకు 62 ఏళ్లు. ఎనిమిదేళ్ల కిందట రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయింది. రిపోర్టులో ‘లోబ్యులర్’ అని ఉంది. మూడు నెలలుగా నాలుగు ముద్దలకే కడుపు నిండిపోతోంది. బరువు తగ్గింది. గ్యాస్ మాత్రలు పనిచేయలేదు. ఇది పాత జబ్బేనా?
– ఓ పాఠకురాలు, ఏలూరు

జవాబు: అల్సర్ వంటి మామూలు కారణాలూ ఉండొచ్చు. కానీ అమ్మగారి విషయంలో పాత జబ్బును తప్పక అనుమానించాలి. అరుదే అయినా, లోబ్యులర్ రకం జీర్ణాశయానికి, పేగులకు పాకే అవకాశం మిగతా రకాలకన్నా ఎక్కువ. ఏళ్ల తర్వాత కూడా బయటపడొచ్చు.

కణాలను ఒకదానికొకటి అంటిపెట్టి ఉంచే ఇ-క్యాడ్‌హెరిన్ ప్రొటీన్ ఈ రకంలో సాధారణంగా లోపిస్తుంది. అందుకే అవి గడ్డ కట్టకుండా, విడివిడిగా జీర్ణాశయం గోడలోకి చొచ్చుకుపోతాయి. గోడ బిరుసెక్కి సాగదు. దాంతో కొంచెం తిన్నా నిండినట్టుంటుంది. లోపలి పొర మామూలుగానే ఉంటే ఎండోస్కోపీలో ఏమీ కనిపించకపోవచ్చు. అప్పుడు లోతు నుంచి ముక్క తీసి బయాప్సీ చేయాల్సి వస్తుంది.

పాత రిపోర్టు తీసుకెళ్లి, రొమ్ము క్యాన్సర్ సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. అది తెలిస్తేనే పెథాలజిస్టు ఈఆర్, గాటా3 వంటి పరీక్షలతో జబ్బు ఎక్కడ పుట్టిందో తేల్చగలుగుతారు. రొమ్ము నుంచి వచ్చినదైతే సాధారణంగా కడుపు ఆపరేషన్ కన్నా హార్మోన్ చికిత్స వంటి మందులే ప్రధానం. ఈ వారమే క్యాన్సర్ నిపుణులకు చూపించండి. ఆగని వాంతులు, నల్లటి విరేచనాలు ఉంటే ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి.