పక్క తడిపే పిల్లలు - తల్లిదండ్రులు తెలుసుకోవలసిన సంగతులు

దంపతులారా! బిడ్డకూ బిడ్డకూ ఎడం గురించి ఈ కేంద్రంలో మీకు చెబుతూనే ఉంటారు. పుట్టిన బిడ్డ పెంపకంలో, నలుగురిలో చెప్పుకోలేక తల్లులు దాచుకునే సంగతి ఒకటి ఉంది. ఎనిమిదేండ్లు వచ్చినా పిల్లవాడు పక్కలో ఒంటికి పోసుకోవడం.

ఇది సోమరితనం కాదు, పొగరు కాదు. ఐదేళ్ల పిల్లల్లో నూటికి సుమారు 15 మంది, పదేళ్ల వాళ్లలో సుమారు ఐదుగురు పక్క తడుపుతారు. మూత్రపు తిత్తి నిండిన కబురు నిద్రలో మెదడుకు అందదు, అంతే. తల్లిదండ్రులలో ఒకరికి చిన్నప్పుడు ఈ అలవాటు ఉంటే, బిడ్డకు వచ్చే అవకాశం సగానికి దగ్గర. ఇద్దరికీ ఉంటే నాలుగింట మూడు వంతులు. కాబట్టి పిల్లవాణ్ణి తిట్టబోయే ముందు, అయ్యా, మీ అమ్మగారిని ఒకసారి అడిగి చూడండి! వాత పెడతానని బెదిరిస్తే భయం పెరుగుతుందే గాని పక్క ఆరదు. చెల్లెలో తమ్ముడో పుట్టగానే, మానేసిన బిడ్డ మళ్లీ మొదలుపెట్టడమూ ఉంది. అప్పుడు కావలసింది దెబ్బలు కాదు, దగ్గరికి తీసుకోవడం.

పగలు గుడ్డలు తడిపే పిల్లల సంగతి వేరు. బడిలో మరుగుదొడ్డికి తలుపు లేదనో నీళ్లు లేవనో ఆడపిల్ల పొద్దున్నుంచి గుక్కెడు నీళ్లు తాగదు. మడమ మీద కూర్చుని బిగబట్టుకుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి చెంబుల కొద్దీ తాగుతుంది, రాత్రి పక్క తడుస్తుంది. మీరు రాత్రి నీళ్లు మాన్పిస్తారు. తప్పు పగటిదైతే శిక్ష రాత్రికా? దీనికి తోడు మలబద్ధకం. గట్టిపడిన మలం పక్కనున్న తిత్తిని నొక్కుతుంది. సంగటి, ఆకుకూర, పండు, పగలంతా నీళ్లు ఇచ్చి ముందు దాన్ని బాగుచేయాలి.

జర్మనీ, నెదర్లాండ్స్ వంటి దేశాలలో ఇలాంటి పిల్లలను గుంపుగా కూర్చోబెట్టి నేర్పుతారు. తనలాంటి వాళ్లు ఇంకా ఉన్నారని తెలియడమే బిడ్డకు సగం మందు. మన అంగన్‌వాడీలోనో బడిలోనో, ఆశా కార్యకర్త సాయంతో, ఒక ఈడు పిల్లలను నలుగురైదుగురిని చేర్చి ఇదే చేయవచ్చు. బుడగలో నీళ్లు పోసి తిత్తి ఎలా నిండుతుందో చూపండి. గంట కొట్టినప్పుడు అందరూ నీళ్లు తాగాలి. 2019లో కేరళ బడుల్లో ఇలాంటి నీళ్ల గంటకు మంచి పేరు వచ్చింది. రెండు మూడు గంటలకొకసారి, రాకపోయినా, ఒంటికి వెళ్లి రావాలి. తొందరపడకుండా పూర్తిగా పోయాలి. ఎన్నిసార్లు తాగారో, ఎన్నిసార్లు పోశారో, రాత్రి పొడా తడా పిల్లలే నోటుబుక్కులో గీసుకోవాలి. మెచ్చుకోవలసింది పొడి పక్కను కాదు, అది బిడ్డ చేతిలో లేదు. నీళ్లు తాగినందుకు, వేళకు వెళ్లినందుకు మెచ్చుకోండి. బిగబట్టడం నేర్పమని కొందరు పెద్దలు చెబుతారు. పగలు తడిపే పిల్లలకు అది చెరుపే.

ఇవి చాలకపోతే, తడి తగలగానే మోగే అలారం ఉంది. 1938లో అమెరికాలో మౌరర్ దంపతులు దాని ఫలితాలు ప్రకటించారు. ఈనాటికీ అదే వాడుతున్నారు. రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి, మొదట్లో బిడ్డతోపాటు మీరూ లేవాలి. డెస్మోప్రెసిన్ మాత్ర డాక్టరు రాస్తేనే, మాత్ర వేసిన రాత్రి నీళ్లు తగ్గించాలి.

మంట, జ్వరం, ఆగకుండా చుక్కలు పడటం, కాళ్లలో బలం తగ్గడం, విపరీతమైన దప్పికతో బిడ్డ చిక్కిపోవడం కనిపిస్తే ఆలస్యం చేయకండి. నందికొట్కూరు 2022లో నంద్యాల జిల్లాలో చేరినా, మనకు దగ్గరి పెద్దాసుపత్రి కర్నూలులోనే ఉంది. నోటుబుక్కు వెంట తీసుకుపోండి.

పక్క తడుపుతుందన్న సిగ్గుతో ఆడపిల్లను ఆరో తరగతి హాస్టలుకు పంపకుండా ఆపేసేవాళ్లున్నారు. ఆ పిల్లను ఐదో తరగతి మొదట్లోనే డాక్టరుకు చూపించండి, ఏడాది సమయం దొరుకుతుంది.