చదువుకూ సంగీతానికీ ఒకే ల్యాప్‌టాప్

ప్రశ్న: మెకానికల్ ఇంజనీరింగ్ చదువుకూ, ఇంట్లో పాటల రికార్డింగుకూ కలిపి ఒకే ల్యాప్‌టాప్ కొనాలంటే వేటిని చూడాలి?

జవాబు: ఆపరేటింగ్ సిస్టమ్‌ను చదువే నిర్ణయిస్తుంది. యంత్ర భాగాల రూపకల్పనకు వాడే సాలిడ్‌వర్క్స్ విండోస్‌లోనే పనిచేస్తుంది కాబట్టి, లాజిక్ ప్రో అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ కోసం మ్యాక్ వైపు మొగ్గే ముందు కళాశాలలో ఏ సాఫ్ట్‌వేర్ నేర్పుతారో తెలుసుకోవడం అవసరం. తక్కిన ఎంపికంతా ప్రధానంగా సంగీతాన్ని బట్టే జరగాలి. మైకులో పాడిన స్వరం కంప్యూటరు గుండా తిరిగి హెడ్‌ఫోన్‌కు చేరడంలో కలిగే జాప్యాన్ని లేటెన్సీ అంటారు. ధ్వనిని కంప్యూటరు బఫర్ అనే చిన్న చిన్న భాగాలుగా తీసుకుంటుంది. సెకనుకు 48,000 శాంపిళ్ల చొప్పున రికార్డు చేసేటప్పుడు 1,024 శాంపిళ్ల బఫర్ ఒక్కటే సుమారు 21 మిల్లీసెకన్ల ఆలస్యాన్ని తెచ్చి గాయకుల లయను చెదరగొడుతుంది. దానిని 128కి తగ్గిస్తే ఆలస్యం 3 మిల్లీసెకన్లలోపే ఉంటుంది గానీ, ప్రాసెసర్ ఆ వేగాన్ని అందుకోలేకపోతే చిటపట శబ్దాలు పుడతాయి. అందుచేత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు కంటే మంచి ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, జాప్యాన్ని తగ్గించే ఏసియో డ్రైవర్ గల ఆడియో ఇంటర్‌ఫేస్ మేలు. పల్చని మోడళ్లు చాలావాటిలో ర్యామ్ మదర్‌బోర్డుకే అతికి ఉండి తర్వాత పెంచుకునే వీలుండదు. ఫ్యాన్ చప్పుడునూ దుకాణంలోనే విని చూడాలి. గదిలోని మైకు దానిని పట్టుకోవచ్చు.