దంతెవాడ కౌమారశిక్షణము: నాటకము, మాతృభాష

క్రీ. శ. 1703లో బస్తరు ప్రభువగు దిక్పాలదేవుడు దంతెవాడలో రెండు శిలలపై శాసనము చెక్కించెను. ఒకటి సంస్కృతము, రెండవది దేశభాష. కలియుగమున సంస్కృతము చదువగలవారు కొలదిమందియే యగుదురు గనుక భాషలోను వ్రాయింపబడినదని రెండవ శిలయే కారణము తెలుపుచున్నది. చెప్పదలచినది వినువానికి తెలియు భాషలో చెప్పవలెనను ఈ వివేకము, శంఖినీ డంకినీ సంగమముననున్న ఆ ఊరి పాఠశాలల విషయమున నేడును స్మరింపదగినది.

దంతెవాడ ప్రాంతమున మాడియా గోండుల ఇంటిభాష గోండీ, సంతలో హల్బీ, పాఠశాలలో హిందీ. గోండీ తెలుగునకు సోదరభాష. 'రండ్', 'మూండ్' అను సంఖ్యలు మన రెండు, మూడులకు జ్ఞాతులు. 'పాట' ఉభయభాషలయందును పాటయే. హల్బీ, హిందీలు మాత్రము ఆర్యభాషలు. కావున బడిలో చేరిన బాలునకు మారునది పదజాలము మాత్రమే కాదు, భాషాకుటుంబమే. 2009 నాటి విద్యాహక్కు చట్టము సాధ్యమైనంతవరకు మాతృభాషలో బోధన జరుగవలెనని చెప్పినను, గోండీకి రాజ్యాంగపు ఎనిమిదవ షెడ్యూలులో స్థానము లేదు.

2005 నుండి చెలరేగిన హింసవలన పల్లెలు పాడుపడెను, బడులు కూలెను. అనేక కుటుంబములు నాటి ఖమ్మం జిల్లా అడవులకు వలసవచ్చెను. వెదురుతో కట్టిన పోటా క్యాబిన్లను వసతి పాఠశాలలలో పిల్లలు పెరిగిరి. చదువు దక్కినది, కాని పాటలు నేర్పు పెద్దలకును కౌమారులకును నడుమ ఎడము పెరిగినది. తరగతిలో మౌనముగా కూర్చుండు పిల్ల మందబుద్ధియని ఎంచబడుటకు ఆస్కారము కలిగినది. ఆ మౌనము బుద్ధిలోపము కాదు, భాషాలోపమును కాదు. పలుకుటకు తావు లేకుండుటయే.

అట్టి తావును నాటకము కల్పింపగలదు. బ్రెజిల్ దేశీయుడగు ఆగస్తో బోల్ 1974లో ప్రకటించిన గ్రంథమున, ప్రేక్షకుడే నటుడగు పద్ధతిని ప్రతిపాదించెను. ఈ సంప్రదాయమున పీడితుని కథ ఒక చిక్కువద్ద నిలుపబడును. చూచువారిలో ఒకరు లేచి ఆ పాత్రను తాము ధరించి వేరొక మార్గమును ప్రయత్నింతురు. ఉదాహరణమునకు, చదువు మాన్పించి పెండ్లి చేయదలచిన తండ్రియెదుట బాలిక ఏమి పలుకవలెనో ముందుగా రంగముపై పలికి చూచును. జీవితమున పలుకుటకు ఇది అభ్యాసము.

ఈ పద్ధతికి దంతెవాడలో దేశీయమైన పునాది కలదు. హోలీ సమయమున జరుగు ఫాగున్ మడయీ జాతరలో వేటను అభినయింతురు. ఒకరు కుందేలో, దుప్పియో, అడవిదున్నయో అగుదురు, ఇతరులు వేటకాండ్రగుదురు. ఇందు ప్రధానము దేహాభినయము. కావున శిక్షణకు మొదటిమెట్టు ఈ మూకాభినయమే కావచ్చును. పిమ్మట గోండీ సంభాషణ, ఆపై హల్బీ, తుదకు హిందీ. ఈ క్రమమున హిందీ బాలుని నోరు మూయు భాషగాక, అతడు గడించిన మరియొక భాషయగును.

ఇందు రెండు ప్రమాదములు కలవు. అతిథులరాకకై పిల్లలకు కొమ్ముల తలపాగలు తొడిగి నృత్యము చేయించుట ప్రదర్శనమగును గాని శిక్షణము కాదు. అందు పిల్లలు అలంకారములు మాత్రమే. రెండవది, హింసను కన్నులార చూచిన బాలునిచే దానినే అభినయింపజేయుట. అది మానుచున్న గాయమును రేపుట. జానపదకథలోని జంతువు చాటున నిలిచి అతడు తన భయమును చెప్పుకొనుట మేలు. ఎంత చెప్పవలెనో నిర్ణయించు అధికారము అతనిదే.

గోండీ నాటకములు పాఠశాలలో పుట్టినచో వానిని లిఖించుట, పదకోశములు కూర్చుట భాషాశాస్త్రజ్ఞుల కర్తవ్యము. సోదరభాషీయులగు తెలుగు పండితులకు ఇది మరింత సమీపమైన బాధ్యత. దిక్పాలదేవుడు రెండవ శిలను నిలిపెను. గోండీ పలుకు పిల్లలకై నిలుపవలసిన మూడవ శిల ఇంకను మిగిలియున్నది.