కంప్యూటరుతో చదరంగాభ్యాసము

చదరంగము భారతదేశమున పుట్టిన ఆట. రథములు, గజములు, తురగములు, పదాతులు అను నాలుగు అంగములు గల సేనకు చతురంగమని పేరు. ఆ పేరే ఆటకును వచ్చినది. ఈ ఆట ఇచ్చటినుండి పారసీక దేశమునకు, అచ్చటినుండి అరబ్బు దేశములకు, తరువాత ఐరోపాకు పోయినది. చతురంగ శబ్దము ఆ ప్రయాణములో షత్రంజ్ అయి, మరల మన దేశమునకు తిరిగివచ్చినది. చార్మినారు చుట్టుపట్టుల వీధులలో ఉర్దూ మాటలాడువారి నోట ఆ పేరే నేటికిని వినబడుచున్నది. ఒకే పలకకు ఇరువైపుల కూర్చుండిన బాలురిద్దరిలో ఒకడు చదరంగమనును, రెండవవాడు షత్రంజ్ అనును. ఆట మాత్రము ఒక్కటే.

ఈ ఇద్దరి నడుమకు నేడు మూడవవాడొకడు వచ్చియున్నాడు. వాడు కంప్యూటరు. ఫోను ఉన్న ప్రతి ఇంటను వాడు ఉన్నాడు. పిలిచినప్పుడెల్ల ఆడుటకు వచ్చును, అలయడు, కోపపడడు, జీతమడుగడు. ఇట్టి గురువును ఎట్లు వాడుకొనవలెనో తెలిసిన విద్యార్థికి గొప్ప లాభము కలుగును. తెలియని విద్యార్థికి ఉన్న బుద్ధియు మొద్దుబారును. ఈ సంగతినే మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలియజెప్పుటకు ఈ వ్యాసము వ్రాయబడినది.

1. యంత్రము ఎట్లు బలపడినది

చదరంగమాడు యంత్రమును ఎట్లు నిర్మింపవచ్చునో శాస్త్రీయముగా విచారించి, క్లాడ్ షానన్ అను అమెరికా పండితుడు 1950లో ఒక వ్యాసము ప్రకటించెను. అటుపిమ్మట దాదాపు ఏబది సంవత్సరములు మానవుడే పైచేయిగా నుండెను. 1996లో ఐ.బి.ఎం. సంస్థవారి డీప్ బ్లూ అను యంత్రము అప్పటి మహావీరుడైన గారీ కాస్పరోవుతో ఆడి ఓడిపోయెను. మరుసటి సంవత్సరము, 1997 మే నెలలో, న్యూయార్కు నగరమున అదే యంత్రము మూడున్నరకు రెండున్నర చొప్పున కాస్పరోవును ఓడించెను. కడపటి ఆట పందొమ్మిది ఎత్తులలోనే ముగిసెను. ఆ యంత్రము క్షణమునకు సుమారు ఇరువది కోట్ల స్థితులను పరిశీలింపగలిగినది.

2008లో స్టాక్‌ఫిష్ అను ప్రోగ్రాము వెలువడెను. దీనిని ఎవరైనను ఉచితముగా పొందవచ్చును. దాని నిర్మాణ రహస్యము సైతము లోకమునకు తెరిచియే ఉన్నది. 2017 డిసెంబరులో ఆల్ఫాజీరో అను మరియొక విధమైన యంత్రమునుగూర్చి లోకమునకు తెలిసెను. దానికి ఆట నియమములు మాత్రమే నేర్పబడెను. తక్కినదంతయు అది తనతో తానే లక్షలకొలది ఆటలాడి నేర్చుకొనెను. 2020లో స్టాక్‌ఫిష్ కూడ ఇట్టి అభ్యాసమువలన కలిగిన విలువకట్టు శక్తిని తనలో చేర్చుకొనెను. నాటి డీప్ బ్లూకంటె నేడు మన చేతిఫోనులోని ప్రోగ్రాము బలమైనది. కావున యంత్రమును గెలువవలెనను కోరిక విడిచి, దానివలన నేర్చుకొనవలెనను కోరిక మనము పెంచుకొనవలెను.

2. యంత్రము ఎట్లు ఆలోచించును

ఆట ఆరంభమున తెల్లవారికి ఇరువది ఎత్తులు సాధ్యములు. ప్రతిదానికిని నల్లవారికి ఇరువది మారుటెత్తులు కలవు. అనగా ఇరుపక్షముల వారు ఒక్కొక్క ఎత్తు వేయునప్పటికి నాలుగు వందల మార్గములేర్పడును. తెల్లవారు రెండవ ఎత్తు వేసినంతనే అవి 8,902 అగును. నల్లవారును వేసిన పిమ్మట 1,97,281 అగును. ఇట్లు పెరుగు వృక్షముయొక్క కొమ్మలన్నిటిని చివరవరకు చూచుట ఏ యంత్రమునకును సాధ్యము కాదు. అందుచే అది పనికిమాలిన కొమ్మలను వెంటనే నరికివైచి, మంచివిగా తోచిన వానిని మాత్రము లోతుగా చూచును. ఆ కొమ్మ చివర నిలిచి, అచ్చటి స్థితికి ఒక విలువ కట్టును.

ఆ విలువ ఫోనులో ఒక అంకెగా కనబడును. దానిని సామాన్యముగా బంటులెక్కలో చెప్పుదురు. ఒకటి అని కనబడినచో తెల్లవారికి సుమారొక బంటంత ఆధిక్యమున్నదని భావము. అంకెకు ముందు తీసివేత గుర్తున్నచో ఆధిక్యము నల్లవారిది. సున్న కనబడినచో సమానము. విద్యార్థి ఇచ్చట ఒక సంగతి గమనింపవలెను. యంత్రము చెప్పునది తీర్పు మాత్రమే. ఏల అట్లయ్యెనని అడిగినచో అది మరికొన్ని ఎత్తులను చూపునే గాని కారణమును మన మాటలలో చెప్పదు. కారణమును వెదకు పని విద్యార్థిది. చదువంతయు ఆ పనిలోనే ఉన్నది.

3. యంత్రముతో ఆడుట

ప్రోగ్రాములన్నిటిలోను బలమును తగ్గించుటకు మెట్లుండును. క్రొత్తగా నేర్చువాడు క్రింది మెట్టుననే ఆరంభింపవలెను. మూడాటలలో ఒకటి గెలుచుచున్నచో ఆ మెట్టు తగినది. అన్నియు గెలుచుచున్నచో పైమెట్టు ఎక్కవలెను; అన్నియు ఓడుచున్నచో ఒక మెట్టు దిగవలెను. దిగుట అవమానము కాదు.

రెండు నియమములు తప్పక పాటింపవలెను. మొదటిది, వేసిన ఎత్తును వెనుకకు తీసికొనరాదు. యంత్రము అందులకు ఒప్పుకొనును గాని పోటీలో ఎదుటివాడు ఒప్పుకొనడు. రెండవది, నిదానముగా ఆడవలెను. మూడు నిమిషములలో ముగియు ఆటలు పది ఆడుటకంటె అరగంట ఆలోచించి ఆడిన ఆట ఒక్కటి మేలు.

అయినను యంత్రముతోనే ఆడుచుండుట మంచిది కాదు. బలము తగ్గించిన యంత్రము పది ఎత్తులు పండితునివలె ఆడి, పదునొకండవ ఎత్తున ఏ కారణమును లేక ఏనుగును వదలుకొనును. మనుష్యులట్లు తప్పుచేయరు. మనుష్యుడు ఆశపడి తప్పును, భయపడి తప్పును, తొందరపడి తప్పును. ఆ తప్పులను కనిపెట్టుట మనుష్యునితో ఆడియే నేర్వవలెను. కావున వారమున రెండు మూడుమార్లైనను తోడివిద్యార్థులతో పలకమీద ఆడవలెను.

4. అభ్యాసము

అభ్యాసమునకు రెండు మార్గములు ముఖ్యములు. ఒకటి చిక్కుప్రశ్నలు. ఒక స్థితినిచ్చి, రెండు లేక మూడెత్తులలో ఆటకట్టు చేయుమనియో, పావును గెలువుమనియో అడుగు ప్రశ్నలివి. 2010లో ఫ్రెంచి దేశీయుడొకడు స్థాపించిన లీచెస్ అనుచోట ఇట్టి ప్రశ్నలు లక్షలకొలది ఉచితముగా దొరకును, ప్రకటనలును ఉండవు. ఈ ప్రశ్నలకు జవాబు చివరవరకు మనసులో చూచిన పిమ్మటనే పావును ముట్టవలెను. ఊహించి ఒక ఎత్తు వేసి, తప్పైనచో మరియొకటి వేయుట అభ్యాసము కాదు, జూదము.

రెండవది ఆట చివరి ఘట్టము. పలకమీద రాజులతో కలిసి ఏడు పావులు మాత్రమే మిగిలియున్న స్థితులకు సంపూర్ణమైన జవాబు కంప్యూటర్లు లెక్కగట్టి ఉంచినవి. అందు మిక్కిలి సులభమైనదానిని పలకమీద పెట్టి చూడుడు. తెల్లరాజు ఈ5లో, తెల్లబంటు ఈ4లో, నల్లరాజు ఈ7లో ఉన్నారు. ఎత్తు తెల్లవారిదైనచో ఆట సమానము. నల్లవారిదైనచో తెల్లవారు గెలుతురు. పావులు మారలేదు, చోట్లు మారలేదు. ఎవరి వంతను ఒక్క భేదముచేత ఫలితము మారినది. రాజులిద్దరును ఎదురెదురుగా నిలిచినప్పుడు కదలవలసివచ్చినవాడే దారి ఇయ్యవలసివచ్చును. ఈ స్థితిని మొదట తెల్లపక్షమునను, తరువాత నల్లపక్షమునను యంత్రముతో పదిమార్లు ఆడినవానికి ఈ సూత్రము జన్మలో మరవదు.

5. ఆడిన ఆటను పరీక్షించుట

మూడు ఉపయోగములలో ఇదియే శ్రేష్ఠము. విద్యార్థులు ఎక్కువగా చెరుపుకొనునదియు ఇదియే. ఆట ముగియగానే యంత్రమునకు అప్పగించి, తప్పులు గుర్తించిన ఎఱ్ఱగీతలు చూచి, ఓహో అనుకొని లేచిపోవుదురు. దానివలన ప్రయోజనము లేదు. ఒక ఉదాహరణము చూడుడు.

తెల్లవారు ఈ4కు, నల్లవారు ఈ5కు బంట్లను త్రోసిరి. రెండవ ఎత్తున తెల్లశకటు సి4కు, నల్లగుఱ్ఱము సి6కు వచ్చెను. మూడవ ఎత్తున తెల్లమంత్రి హెచ్5కు వచ్చెను. నల్లబాలుడు మంత్రిని తరుముదమని రెండవ గుఱ్ఱమును ఎఫ్6లో ఉంచెను. వెంటనే తెల్లమంత్రి ఎఫ్7లోని బంటును కొట్టెను, ఆటకట్టు. మంత్రిని రాజు కొట్టుదమన్నను, సి4లోని శకటు దానిని కాచియున్నది.

యంత్రమునడిగినచో నల్లవారి మూడవ ఎత్తు పెద్దతప్పనియు, జీ6కు బంటును త్రోయవలసినదనియు చెప్పును. బాలుడు దీనిని కంఠస్థము చేసెననుకొందము: "ఎఫ్6కు గుఱ్ఱము తప్పు, జీ6కు బంటు ఒప్పు." మరునాడు అదే ఆట వచ్చినది. బాలుడు జీ6కు బంటును త్రోసెను. తెల్లమంత్రి ఎఫ్3కు తొలగి, మరల ఎఫ్7మీదనే గురిపెట్టెను. ఇప్పుడు నల్లవారి చక్కని ఎత్తు ఏది? ఎఫ్6కు గుఱ్ఱము! నిన్న ప్రాణము తీసిన ఎత్తే నేడు ప్రాణము కాచును. ఏలయన నిన్న మంత్రి హెచ్5నుండి మూలగా చూచుచుండెను, గుఱ్ఱము ఆ దారికి అడ్డుపడలేదు. నేడు మంత్రి ఎఫ్ వరుసలోనే నిలిచియున్నది, గుఱ్ఱము నడుమ గోడవలె నిలుచును. ఎత్తును కంఠస్థము చేసినవాడు ఇచ్చట తడబడును. "ఎఫ్7ను కాచునది రాజొక్కడే, అచ్చటికి వచ్చు దారిని మూయవలెను" అను కారణమును గ్రహించినవాడు తడబడడు.

కావున పరీక్ష ఈ క్రమమున చేయవలెను. ఆడునప్పుడే ఎత్తులన్నియు కాగితముమీద వ్రాసికొనుడు. ఆట ముగిసిన పిమ్మట ఎదుటివానితో కూర్చుండి, ఎవరు ఎచ్చట ఏమి తలచిరో చెప్పుకొనుడు. తరువాత ఒంటరిగా కూర్చుండి, ఆట ఎచ్చట తిరిగినదని మీకు తోచునో అచ్చట గుర్తు పెట్టుడు. ఇంతయు అయిన పిమ్మటనే యంత్రమును తెరువుడు. అంకె ఒక బంటుకంటె ఎక్కువగా మారినచోట్లనే ఆగుడు. చిన్నభేదములను విడువుడు, అవి మహావీరులకుగాని అక్కరకు రావు. ఆగిన ప్రతిచోటను నోటుపుస్తకములో ఒక వాక్యము వ్రాయుడు: నేనేమి చూడలేదు? ఏల చూడలేదు? నెలదినములైన పిమ్మట ఆ వాక్యములను చదివికొన్నచో, మీ తప్పులు నూరు కావు, రెండో మూడో అని మీకే తెలియును.

తప్పు కనబడెనని సిగ్గుపడవలదు. 2006లో జర్మనీలోని బాన్ నగరమున లోకవిజేతయైన క్రామ్నిక్, డీప్ ఫ్రిట్జ్ అను యంత్రముతో ఆడుచు, మరుసటి ఎత్తులోనే తనకు రానున్న ఆటకట్టును చూడలేకపోయెను. అట్టివానికే తప్పినది మనకు తప్పుట వింత కాదు.

6. మనవారి మాదిరి

మన హైదరాబాదు నగరమున 2002 అక్టోబరులో ప్రపంచ చదరంగ కప్పు పోటీలు జరిగినవి; విశ్వనాథన్ ఆనందు గెలిచెను. ఆ సంవత్సరముననే గుడివాడలో పుట్టిన కోనేరు హంపి, పదునైదేండ్ల ప్రాయమున, గ్రాండ్‌మాస్టరు బిరుదు పొందెను. ఆమెకు తండ్రియే తొలి గురువు. గుంటూరు వాసి పెంటేల హరికృష్ణ 2004లో యువకుల ప్రపంచ విజేతయయ్యెను. వరంగల్లున పుట్టిన ఎరిగైసి అర్జున్ 2024 డిసెంబరు పట్టికలో 2801 అంకెలను అందుకొనెను. భారతీయులలో ఆనందు తరువాత 2800 దాటినవాడితడే. 2024లో బుడాపెస్టు ఒలింపియాడున బంగారు పతకములందిన భారత జట్లలో అర్జున్, హరికృష్ణ, ద్రోణవల్లి హారిక ఉండిరి.

నేటి గ్రాండ్‌మాస్టరులెల్లరును యంత్రముతో సిద్ధపడువారే. అయినను పోటీ గదిలోనికి యంత్రము రాదు. ఆటగాని ఒంటిమీద ఫోను కనబడినచో ఆటయే పోవచ్చును. పలకముందు కూర్చుండునప్పుడు తోడుండునది ఇంటివద్ద తానై ఆలోచించి సంపాదించినది మాత్రమే.

7. సత్యమునుగూర్చి ఒక మాట

దూరమున నున్నవానితో ఫోనులో ఆడుచు, ప్రక్కన మరియొక ఫోనులో యంత్రమునడిగి ఎత్తులు వేయువారు కలరు. ఇది దొంగతనము. ఎదుటివాని గెలుపును దొంగిలించుట అటుండనిండు. అట్టి బాలుడు తన బుద్ధిని తానే దొంగిలించుకొనుచున్నాడు. గెలిచిన అంకె వానిది కాదు, ఓడినచో కలుగవలసిన పాఠమును వానికి దక్కదు. ఎవరును చూడనిచోట చేయు పనియే మన నడవడికి నిజమైన పరీక్ష. దేవుడిచ్చిన తెలివిని ఉపయోగమునకు తెచ్చినవాడే దానిని పెంచుకొనును.

తలిదండ్రులకు నా మనవి యొక్కటి. ఇంట ఫోను ఒక్కటే ఉండి, దానిని అందరును పంచుకొనవలసినచో విచారింపవలదు. దినమునకు అరగంట చాలును. అంతకంటె ముఖ్యముగా, తక్కువ వెలగల పలకయు పావులును ఒకటి కొని ఇంట ఉంచుడు. మీ పిల్లవాడు ఆట చూపుటకు వచ్చినప్పుడు, మీకు ఆట రాకపోయినను, "ఈ ఎత్తు ఏల వేసితివి?" అని అడుగుడు. యంత్రము ఎన్నడును అడుగని ప్రశ్న అది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పనేర్చిన బాలుడు చదరంగముననే గాక లెక్కలయందును, చదువునందును, బ్రతుకునందును నిలువగలడు.

బాలబాలికలారా! పూర్వము మంచి గురువు దొరకుట ధనవంతులకుగాని, ఆటగాండ్ర ఇండ్లలో పుట్టినవారికిగాని సాధ్యమయ్యెడిది కాదు. నేడు పాతనగరపు సందులో నొక గది ఇంట నివసించు బాలికకును లోకములోని బలమైన ఆటగాడు అందుబాటులో ఉన్నాడు. ఈ భాగ్యమును వ్యర్థము చేసికొనకుడు. ముందు మీరు ఆలోచింపుడు, తరువాత యంత్రమునడుగుడు, కడపట కారణమును మీ మాటలలో వ్రాసికొనుడు. ఈ వరుస తప్పనంతవరకు యంత్రము మీకు సేవకుడు.