అపరిచిత సంగీతమును వినుట యెట్లు?

క్రొత్త సంగీతము చెవికెక్కనిచో దానిని గోల యని త్రోసివేయుట సులభము. 1960వ దశాబ్దము చివర ఇంగ్లండులో పుట్టిన ప్రోగ్రెసివ్ రాక్ అను శైలికి ఈ నింద తరచుగా కలుగుచుండును. ఆ శైలికి చెందిన 'జెంటిల్ జయంట్' బృందమును షుల్మన్ సోదరులు మువ్వురు 1970లో స్థాపించిరి. 1980లో అది విడిపోయినది. అందలి కెర్రీ మినియర్ లండను రాయల్ అకాడమీలో సంగీతరచన నభ్యసించినవాడు.

వీరి 1975 నాటి 'ఫ్రీ హాండ్' అను రికార్డులో 'ఆన్ రిఫ్లెక్షన్' అను పాట కలదు. మొదట నొక గొంతు వరుస నెత్తుకొనును. రెండవ గొంతు దానినే యందుకొనగా, మొదటిది ఊరకుండక వేరొక వరుసను పాడుచుండును. పిమ్మట మూడవది, నాలుగవది. పాశ్చాత్యులు దీనిని ఫ్యూగ్ అందురు; బాఖ్ ఇందు మేటి. ఒక్క మారు విన్నవానికి ఇది చిక్కుపడిన నూలువలె తోచును. కావున విద్యార్థులారా, నాలుగు మారులు వినుడు. మారు మారునకు ఒక్క గొంతునే వెంబడింపుడు. గాయకబృందములో ఆల్టో పాడు బాలికలకు ఈ పని తేలిక. ప్రక్కవారి వరుస చెవిని బడుచున్నను తమ వరుస విడువకుండుట వారి నిత్యాభ్యాసమే గదా!

వీరి పాటలన్నియు సమానములని మేము చెప్పము. కొన్నిటిలో చమత్కారమే గాని మాధుర్యము తక్కువ. నాలుగు మారులు విని నచ్చలేదన్న తలిదండ్రులతో మాకు వాదము లేదు. నచ్చినవారు 1972 నాటి 'ఆక్టోపస్' రికార్డులోని 'నాట్స్' అను పాటను వినవచ్చును. అందు గొంతుల అల్లిక యింకను కఠినము.