కుట్టుమిషనుపై చిత్రకళ

కుట్టుపనికి సంబంధించిన మాటలను కొంచెం విప్పి చూసినచో, మన కళాశాలలో పక్కపక్క గదులలో బోధింపబడే రెండు భాషలూ అక్కడ కలిసి కనిపిస్తాయి. దర్జీ, జరీ, జర్దోజీ, కార్చోబు అనేవన్నీ పారసీకం నుండి ఉర్దూ ద్వారా తెలుగిండ్లలోకి వచ్చినవే. జర్ అనగా బంగారం, దోజీ అనగా కుట్టడం. కలంకారీ సైతం అట్టిదే. బందరు, పెడన వస్త్రాలపై అద్దకపు అచ్చులు వాడుతున్నా పేరు మాత్రం కలానిదే. శ్రీకాళహస్తి పనివారు నేటికీ కలంతోనే గీస్తారు. ఆలయాలలో వ్రేలాడదీయడానికి పురాణకథలను గుడ్డపై చిత్రించిన సంప్రదాయం వారిది. మైలవరం రాజావారు పోషించిన బాలభారతీ నాటక సమాజం నాటి రంగస్థలంపై, రంగులు వేసిన తెరలే రాజసభలు, అరణ్యాలు అయ్యేవి. కనుక గుడ్డపై బొమ్మను పదిమంది చూసే చోట నిలపడం మనకు కొత్త కాదు. కొత్తది మిషను ఒక్కటే.

అందులోనూ మన పాలు కొంత ఉన్నది. మగ్గంపనిలో వాడే ఆరీ అనే కొక్కెపు సూది వంటిది, తూర్పు దేశాల నుండి 18వ శతాబ్దంలో ఐరోపాకు చేరింది. ఆ గొలుసుకుట్టునే 1865లో ఫ్రాన్సుకు చెందిన బొన్నాజ్ యంత్రంచేత వేయించాడు. దానికి రెండేండ్ల ముందు, 1863లో, స్విట్జర్లాండులో ఐజాక్ గ్రోబ్లీ పడవ ఆకారపు షటిల్ గల యంత్రాన్ని కల్పించాడు. అట్టి యంత్రాలపై బారులు తీరిన సూదులు ఒకే పువ్వును ఒకేసారి కుట్టేవి. నేడు బజారులో కంప్యూటర్ వర్క్ అని పిలిచేది ఈ వంశంలోనిదే. మగ్గంపై రోజులు పట్టే పెండ్లి రవికెను అది గంటలలో ముగిస్తుంది. మగ్గంపైనే ఆధారపడిన కుటుంబాలకు ఇది చిన్న దెబ్బ కాదు. అట్లని మిషనును నిందించి లాభం లేదు. దానిచేత మనం ఏమి చేయించలేదో ఆలోచించడం మేలు.

ఇంటిలోని సాధారణ కుట్టుమిషనునే తీసుకొందాం. సూది కింద గుడ్డను ముందుకు నెట్టే పండ్లు ఉంటాయి. వాటిని దించివేసి, గుడ్డను చట్రంలో బిగిస్తే, అది మిషను అధీనం నుండి చేతి అధీనంలోకి వస్తుంది. అప్పుడు సూది కదలదు, గుడ్డయే కదులుతుంది. కలాన్ని నిలిపి కాగితాన్ని తిప్పి బొమ్మ వేసినట్లన్నమాట. చేయి తొందరపడితే కుట్టు సాగుతుంది, నిదానిస్తే దారం గుబురవుతుంది. ఈ ఎచ్చుతగ్గులే గీతకు ప్రాణం.

ఇంగ్లాండులో 1961లో జన్మించిన ఆలిస్ కెటిల్ ఈ పద్ధతిని గోడంత చిత్రాలకు తెచ్చింది. సూది బెజ్జంలో దూరని లావు దారాలను ఆమె బాబిన్‌కు చుట్టి, గుడ్డను తిరగవేసి వెనుక నుండి కుడుతుంది. బొమ్మ కిందివైపున ఏర్పడుతూ ఉంటుంది కనుక కుట్టేటప్పుడు ఆమెకే కనబడదు! వించెస్టర్ పట్టణ గ్రంథాలయ భవనం కోసం 2007లో ఆమె రూపొందించిన వస్త్రచిత్రం పొడవు సుమారు 16 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు. దాని ఇతివృత్తం ఆ ఊరి చరిత్రయే. తరువాత శరణార్థులతో కలిసి ఆమె చేసిన చిత్రాలను 2018లో మాంచెస్టరులోని విట్‌వర్త్ చిత్రశాలలో ప్రదర్శించారు. ఇల్లు విడిచి వచ్చినవారి గీతలు, కుట్లు కూడా వాటిలో చేరాయి. మాకు ఈ రెండవదే ఎక్కువ విలువైనదిగా తోస్తుంది.

అటువంటి ఇతివృత్తం మనకూ కలదు. బుడమేరు మన మైలవరం కొండలలో పుట్టి కొల్లేటిలో కలుస్తుంది. 2024 సెప్టెంబరు తొలి దినాలలో అదే ఏరు పొంగి విజయవాడలో సింగ్ నగర్‌ను ముంచింది. మిషను దారం తెగకుండా సాగుతుంది, ఏరూ అంతే. కొండ నుండి కొల్లేటి వరకు ఆ ఏటిని ఒక పొడవాటి గుడ్డపై కుట్టి మన గ్రంథాలయంలో నిలపవచ్చునని కళాశాల సంఘంవారికి మనవి చేస్తున్నాము. ఊరిలో మిషను నేర్చిన స్త్రీలు ఎందరో ఉన్నారు. వారికి కూలి చెల్లించాలి, పేర్లు గుడ్డ అంచున కుట్టించాలి. వరద చూసినవారు తమ ఇంటి గుర్తును తామే కుట్టితే ఇంకా మంచిది. ఊళ్ల పేర్లు రెండు లిపులలోనూ ఉండాలి. ఉర్దూ లిపి వంపులు ఈ కుట్టుకు ఎంతో అనువైనవి, మన అక్షరాల గుండ్రదనమూ అంతే.

ఇక గోడ సంగతి. ఎండ నేరుగా పడే గోడ పనికిరాదు, దారాల రంగు వెలిసిపోతుంది. వానకాలపు చెమ్మ, చెదలు తగలకుండా గుడ్డను గోడకు అంటించక, వెనుక మరొక నూలుగుడ్డను చేర్చి, పైఅంచున గొట్టం కుట్టి కర్ర దూర్చి వ్రేలాడదీయాలి. బరువు అంచు పొడవునా సమంగా పడుతుంది, దుమ్ము దులపడానికి దించడమూ సులభం. గ్రంథాలయంలో ఉత్తరపు గోడ ఖాళీగానే ఉన్నది.