వాను వెనుక సైకిళ్ళు: బరువు ఒకటే, భారం వేరు

సైకిలు మనల్ని మోస్తుంది. ఆ సైకిలునే ఇంకో వాహనం మోయవలసి వస్తే ఎక్కడ కట్టాలి? ఎలా కట్టాలి? ఇది చాలా చిన్న ప్రశ్నలా కనిపిస్తుంది. కాని భ్రామకాల పాఠమంతా ఇందులోనే ఉంది. ఆ పాఠం తెలియకపోతే రోడ్డు మీద ప్రాణాపాయం కూడా ఉంది.

యూరపు దేశాలలో క్యాంపర్ వాన్లనే వాహనాలు ఎక్కువ. పడుకోవడానికి పరుపు, వంటకు చిన్న పొయ్యి, నీళ్ళ తొట్టి అన్నీ లోపలే ఉంటాయి. జర్మనీలో ఫోక్స్‌వాగన్ కంపెనీ 1950లో ఒక వాను తయారీ ప్రారంభించింది. ఆ తరువాత కొద్ది కాలానికే వెస్ట్‌ఫాలియా అనే సంస్థ ఆ వాన్లను ఇళ్ళుగా మార్చడం మొదలుపెట్టింది. సెలవులు వస్తే కుటుంబాలు ఈ వాన్లలో బయలుదేరతాయి. వెళ్ళిన చోట తిరగడానికి సైకిళ్ళు కూడా వెంట తీసుకుపోతాయి.

సైకిళ్ళను లోపల పెడితే మనుషులకు చోటుండదు. పైకప్పు మీద పెట్టాలంటే రెండు మీటర్ల ఎత్తుకు ఎత్తాలి, పైగా గాలి నిరోధం పెరుగుతుంది. వెనుక తలుపుకే తగిలిస్తే ఆ భారమంతా తలుపు బందుల మీద పడుతుంది. అందుకని చాలామంది టో బార్ మీద బిగించే సైకిలు స్టాండును ఎంచుకుంటారు.

టో బార్ అంటే ఏమిటి?

వాను వెనుక మరో బండిని తగిలించి లాగడానికి అమర్చిన ఉక్కు కడ్డీయే టో బార్. దాని చివర ఒక గుండు ఉంటుంది. యూరపులో ఈ గుండు వ్యాసం 50 మిల్లీమీటర్లు, అంటే మీ గుప్పిట్లో పట్టేంత. సైకిలు స్టాండు తన దవడలతో ఈ గుండును గట్టిగా కరచి పట్టుకుంటుంది. ఒక మీటను కిందికి నొక్కితే దవడలు బిగుస్తాయి. నేలకు అర మీటరు లోపు ఎత్తులో ఉంటుంది కనుక సైకిళ్ళు ఎక్కించడం సులభం. ఇంతవరకు బాగానే ఉంది. ఇక లెక్కలోకి వద్దాం.

ఎద్దుబండి చెప్పే పాఠం

ఎద్దుబండిలో బస్తాలు వేసేవారిని చూశారా? బస్తాలన్నీ వెనక్కి వేస్తే ఏమవుతుంది? ముందు కాడి పైకి లేస్తుంది. ఎందుకు? ఇరుసు ఆధారబిందువు. ఇరుసుకు వెనుక ఉన్న బరువు బండిని ఒక వైపు తిప్పాలని చూస్తుంది. ఈ తిప్పే ప్రభావాన్నే భ్రామకం అంటాం. బలాన్ని ఆధారబిందువు నుంచి దానికి గల లంబదూరంతో గుణిస్తే భ్రామకం వస్తుంది. బరువు పెరిగినా భ్రామకం పెరుగుతుంది, దూరం పెరిగినా పెరుగుతుంది.

వానుకు రెండు ఇరుసులుంటాయి కాబట్టి కాడి లేచినట్లు వాను ముందు భాగం గాలిలోకి లేవదు. కాని ముందు చక్రాల మీద భారం తగ్గుతుంది. ఎంత తగ్గుతుందో చూద్దాం.

ఒక వానులో ముందు ఇరుసుకు, వెనుక ఇరుసుకు మధ్య దూరం 3 మీటర్లు అనుకుందాం. ఫోక్స్‌వాగన్ వాన్లలో చాలావాటికి ఇదే కొలత. వెనుక ఇరుసు నుంచి టో బార్ గుండుకు 1.1 మీటరు. బ్యాటరీతో నడిచే సైకిళ్ళు రెండు, ఒక్కొక్కటి 24 కిలోగ్రాములు. స్టాండు 18 కిలోగ్రాములు. మొత్తం 66 కిలోగ్రాములు. వీటి ఉమ్మడి గురుత్వ కేంద్రం గుండుకు ఇంకా 0.4 మీటరు వెనుక, అంటే వెనుక ఇరుసు నుంచి 1.5 మీటరు దూరంలో ఉంది.

వెనుక ఇరుసు దగ్గర భ్రామకం = 66 × 1.5 = 99 కిలోగ్రాము-మీటర్లు. (న్యూటన్-మీటర్లు కావాలంటే 9.8తో గుణించండి.)

దీనిని సరితూచడానికి ముందు ఇరుసు మీద తగ్గే భారం = 99 ÷ 3 = 33 కిలోగ్రాములు.

ముందు నుంచి పోయిన ఈ 33 ఎక్కడికి పోయింది? వెనుక ఇరుసు మీదికే వచ్చింది. కాబట్టి వెనుక ఇరుసు మీద పెరిగిన భారం = 66 + 33 = 99 కిలోగ్రాములు.

చూశారా! మనం తగిలించింది 66 కిలోగ్రాములు. వెనుక చక్రాలు మోస్తున్నది 99. తరాజులో బరువు మారలేదు, పెట్టిన చోటును బట్టి భారం మారింది. ముందు చక్రాల మీద భారం తగ్గితే రోడ్డును పట్టుకునే ఘర్షణ కూడా తగ్గుతుంది. స్టీరింగు తిప్పేది, బ్రేకు వేసినప్పుడు ఎక్కువగా పనిచేసేది ఆ ముందు చక్రాలే. తడి రోడ్డు మీద ఈ తేడా తెలుస్తుంది.

ఏ హద్దును చూడాలి?

స్టాండు కొనేవారు సాధారణంగా ఒక్క హద్దునే చూస్తారు. స్టాండు ఎన్ని కిలోగ్రాముల సైకిళ్ళను మోయగలదు అన్నది ఆ హద్దు. నిజానికి చూడవలసినవి నాలుగు.

మొదటిది స్టాండు హద్దు. మొత్తానికి ఒకటి, ఒక్కొక్క సైకిలుకు ఒకటి విడిగా రాసి ఉంటాయి.

రెండవది గుండు హద్దు. టో బార్‌కు అతికించిన రేకు మీద ఎస్ అనే అక్షరం పక్కన ఒక అంకె ఉంటుంది. గుండు మీద నిలువుగా ఎంత భారం మోపవచ్చో అది చెబుతుంది. 75 అని గాని 100 అని గాని ఉండవచ్చు. ఇందులో స్టాండు సొంత బరువు కూడా కలపాలి. చాలామంది మరచిపోయేది ఇదే.

మూడవది వెనుక ఇరుసు హద్దు. నాల్గవది వాను మొత్తం బరువు హద్దు.

గొలుసు బలం దాని బలహీనమైన కొక్కెంలోనే ఉంటుంది. ఈ నాలుగింటిలో ఏది ముందు దాటితే అదే మనకు హద్దు.

మన వానునే చూద్దాం. దాని వెనుక ఇరుసు హద్దు 1600 కిలోగ్రాములనుకోండి. మనుషులు, సామాను, నీళ్ళతో సహా వే బ్రిడ్జి మీద తూస్తే వెనుక ఇరుసు మీద 1520 వచ్చింది. మిగిలింది 80. “మన సైకిళ్ళు, స్టాండు కలిపి 66 మాత్రమే కదా!” అని ఇంటి యజమాని సంతోషిస్తాడు. గుండు హద్దు 75 అయినా దాటలేదు. కాని ఇరుసు మీద పడేది 99 అని మనకు తెలుసు. 19 కిలోగ్రాములు అధికం!

ఇప్పుడు ఏం చేయాలి? సైకిళ్ళను వదిలి వెళ్ళనక్కరలేదు. బ్యాటరీలు ఒక్కొక్కటి 3 కిలోగ్రాములనుకుంటే, రెండూ తీసి వాను లోపల ఇరుసులకు సరిగ్గా మధ్యలో పెడదాం. వెనుక తగిలించినది 60కి తగ్గింది. దానివల్ల ఇరుసు మీద పడేది 60 + 30 = 90. లోపల పెట్టిన 6 కిలోగ్రాములలో సగం, అంటే 3, వెనుక ఇరుసుకు. మొత్తం 93. ఇంకా 13 ఎక్కువ. వెనుక ఇరుసు మీద ఉన్న 30 కిలోగ్రాముల సామాను పెట్టెను 1.5 మీటరు ముందుకు జరిపితే అందులో సగం ముందు ఇరుసుకు పోతుంది. 93 − 15 = 78. హద్దు 80. గట్టెక్కాం! సైకిళ్ళూ వచ్చాయి, సామానూ వచ్చింది. మారినవి స్థానాలు మాత్రమే.

గుండు మీద పట్టు

ఇప్పుడు గుండు దగ్గరికి వెళ్దాం. స్టాండు వెనక్కి వాలి కింద పడకుండా ఆపుతున్నదేమిటి? దవడలకు, గుండుకు మధ్య ఉన్న ఘర్షణ. గురుత్వ కేంద్రం గుండుకు 0.4 మీటరు వెనుక ఉంది కాబట్టి భ్రామకం 66 × 0.4 = 26.4 కిలోగ్రాము-మీటర్లు. గుండు వ్యాసార్ధం 0.025 మీటరు మాత్రమే. ఘర్షణ ఒక్కటే ఆపుతుందనుకుంటే దాని బలం 26.4 ÷ 0.025 = 1056 కిలోగ్రాముల భారం. ఒక టన్నుకు పైగా! దూరం చిన్నదైతే బలం పెద్దది కావాలి. దవడలను బిగించడానికి పొడవైన మీట ఎందుకు కావాలో ఇప్పుడు తెలిసింది కదా! కొన్ని స్టాండ్లు గుండు మెడను కూడా ఆనుకొని ఈ శ్రమను పంచుకుంటాయి.

బండ్లను లాగేవారు గుండుకు గ్రీజు పూస్తారు. స్టాండు బిగించేటప్పుడు ఆ గ్రీజు మరక కూడా ఉండరాదు. గ్రీజు ఘర్షణను తగ్గిస్తుంది కాబట్టి పట్టు సడలుతుంది. గుడ్డతో శుభ్రంగా తుడిచిన తరువాతే బిగించాలి.

బరువైన సైకిలును వానుకు దగ్గరగా, తేలికైనదాన్ని బయటి వైపు పెట్టడానికి కారణమూ ఇదే. 24 కిలోగ్రాముల సైకిలు గుండుకు 0.3 మీటరు దూరంలో, 14 కిలోగ్రాములది 0.5 మీటరు దూరంలో ఉంటే భ్రామకం 7.2 + 7.0 = 14.2. తారుమారు చేస్తే 4.2 + 12.0 = 16.2. సైకిళ్ళు అవే, గుండు పడే శ్రమ మాత్రం ఎక్కువ.

ఇదంతా వాను నిలిచి ఉన్నప్పటి లెక్క. గతుకుల్లో వాను తోక పైకి కిందికి ఊగుతుంది. లిఫ్టు పైకి కదిలే క్షణంలో మీ పాదాల మీద భారం పెరిగినట్లే ఇక్కడా జరుగుతుంది. పైకి కలిగే త్వరణం గురుత్వ త్వరణానికి సమానమైతే 66 కిలోగ్రాములు ఆ క్షణంలో 132 లాగా లాగుతాయి. అందుకని హద్దుకు దగ్గరగా నింపి గతుకుల్లో వేగంగా పోరాదు. కొంత దూరం పోయాక ఆగి పట్టీలను, మీటను మళ్ళీ బిగించి చూసుకోవాలి. ఊడిపోయిన సైకిలు వెనుక వచ్చేవారి మీద పడుతుంది. వారు ఏ తప్పూ చేయలేదు.

కొనేటప్పుడు మరి రెండు సంగతులు. సైకిళ్ళు వాను వెనుక దీపాలకు, నంబరు పలకకు అడ్డం వస్తాయి. కాబట్టి స్టాండుకే దీపాలు, నంబరు పలక పెట్టే చోటు ఉండాలి. దీపాలకు విద్యుత్తు వాను వెనుక ఉన్న సాకెట్టు నుంచి వస్తుంది. 7 పిన్నులదీ 13 పిన్నులదీ అని రెండు రకాలున్నాయి, ఏది సరిపోతుందో చూసుకోవాలి. రెండవది, వాను వెనుక తలుపు పైకి తెరుచుకునేదైతే చాలా పొడవుగా ఉంటుంది. తెరిచేటప్పుడు దాని అంచు పెద్ద వృత్తచాపంలో వెనక్కి వస్తుంది. కారుకు సరిపోయే వాలు స్టాండు వానుకు సరిపోకపోవచ్చు. కొనకముందే బిగించి, తలుపు తెరిచి చూడాలి.

చేసి చూడండి

ఒక మీటరు స్కేలును 10, 70 సెంటీమీటర్ల గుర్తుల దగ్గర రెండు స్ప్రింగు త్రాసులకు వేలాడదీయండి. అవే మీ ఇరుసులు. 40వ గుర్తు దగ్గర 500 గ్రాములు తగిలించండి. అది మీ వాను. రెండు త్రాసుల రీడింగులు రాసుకోండి. ఇప్పుడు 100వ గుర్తుకు దగ్గరగా, స్కేలు చివర 100 గ్రాములు తగిలించండి. వెనుక త్రాసు సుమారు 150 గ్రాములు పెరుగుతుంది, ముందుది సుమారు 50 తగ్గుతుంది.

ఆలోచించండి

1. స్టాండు 22 కిలోగ్రాములు. సైకిళ్ళు నాలుగు, ఒక్కొక్కటి 14 కిలోగ్రాములు. గురుత్వ కేంద్రం వెనుక ఇరుసుకు 1.65 మీటర్ల దూరంలో ఉంది. ఇరుసుల మధ్య 3 మీటర్లు. వెనుక ఇరుసు మీద పెరిగే భారమెంత? గుండు హద్దు 75 అయితే ఈ ప్రయాణం చేయవచ్చా?

2. సైకిళ్ళు వెనుక ఇరుసుకు అంతే దూరంలో ఉండి, ఇరుసుల మధ్య దూరం 4 మీటర్లయితే ముందు చక్రాలు కోల్పోయే భారం పెరుగుతుందా, తగ్గుతుందా? ఎందుకు?

(జవాబులు: 1. 120.9 కిలోగ్రాములు, చేయరాదు, గుండు మీదనే 78 పడుతుంది. 2. తగ్గుతుంది, అదే భ్రామకాన్ని ఎక్కువ దూరంతో భాగిస్తున్నాం.)